మొదటి దూర ప్రయాణానికి ఏ నది? డాన్యూబ్, మోజెల్, రైన్, ఎల్బే సైకిల్ దారుల పోలిక

నది పక్కన సైకిల్ ప్రయాణం అనగానే అందరూ ముందు ఫొటోలు చూస్తారు. కోటలు, ద్రాక్షతోటలు, కొండల మధ్య మలుపు తిరిగే నీళ్ళు. ఫొటోల్లో ఐరోపా నదులన్నీ బాగానే ఉంటాయి. మొదలుపెట్టిన ప్రయాణం చివరిదాకా సాగాలంటే మాత్రం చూడాల్సినవి వేరే ఉన్నాయి. గాలి ఎటు నుంచి వీస్తుంది? అలసిపోతే, వాన పట్టుకుంటే ఎక్కడానికి దగ్గర్లో రైలు ఉందా? సాయంత్రానికి పడుకోవడానికి చోటు దొరుకుతుందా? ఈ మూడూ కుదిరితే, రోజూ ఆఫీసుకు మాత్రమే సైకిల్ తొక్కే మనిషి కూడా మూడొందల కిలోమీటర్లు పూర్తి చేస్తాడు. కుదరకపోతే బాగా తొక్కగలిగినవాళ్ళు కూడా మూడో రోజుకి సైకిల్‌ని రైలెక్కిస్తారు.

జర్మనీలో, చుట్టుపక్కల దేశాల్లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇండియా నుంచి సెలవు మీద వచ్చేవాళ్ళకీ పనికొస్తుంది. పోల్చేది నాలుగు దారుల్ని. డాన్యూబ్ మీద పాసౌ నుంచి వియన్నా దాకా దాదాపు 320 కిలోమీటర్లు. మోజెల్ మీద ట్రియర్ నుంచి కోబ్లెంజ్ దాకా దాదాపు 200. రైన్ మీద మైంజ్ నుంచి కొలోన్ దాకా ఇంచుమించు అంతే. ఎల్బే మీద డ్రెస్డెన్, హాంబర్గ్‌ల మధ్య ఆరొందల దరిదాపు. నాలుగింటికీ దారి పొడుగునా సైకిల్ బోర్డులున్నాయి, నాలుగూ చాలావరకు చదునే.

తొందరలో ఉన్నవాళ్ళకి ముందే చెప్పేస్తాను. వారం సెలవుంటే డాన్యూబ్. మూడు నాలుగు రోజులే ఉంటే మోజెల్. ఒక ప్రయాణం పూర్తి చేసి ఇంకా దూరం వెళ్ళాలనిపిస్తే ఎల్బే. రైన్‌ని మాత్రం ఒకేసారి మొత్తంగా కాకుండా ముక్కలుగా తొక్కండి.

వాలు చూడకండి, గాలి చూడండి

నది పారే వైపుకే వెళ్తే దారంతా పల్లం కాబట్టి సులువు అనుకుంటారు చాలామంది. లెక్క చూడండి. పాసౌ సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తులో ఉంది, వియన్నా సుమారు 160. అంటే 320 కిలోమీటర్లలో మనం దిగేది 140 మీటర్లు. కిలోమీటరుకి అర మీటరు కూడా లేదు. డ్రెస్డెన్ నుంచి హాంబర్గ్ దాకా అయితే ఇంకా తక్కువ, ఆరొందల కిలోమీటర్లకు 110 మీటర్లు. ఈ పల్లం కాళ్ళకు తెలియనే తెలియదు.

గాలి మాత్రం బాగా తెలుస్తుంది. మామూలుగా గంటకు 18 కిలోమీటర్లు తొక్కే మనిషి గట్టి ఎదురుగాలిలో 12కి పడిపోతాడు. అరవై కిలోమీటర్లకు మూడు గంటల ఇరవై నిమిషాలు పట్టాల్సింది ఐదు గంటలవుతుంది. అది వరసగా మూడు రోజులు జరిగితే మోకాళ్ళ కంటే ముందు మనసు అలసిపోతుంది. మధ్య ఐరోపాలో ఎక్కువ రోజులు గాలి పడమర వైపు నుంచి వీస్తుంది. తూర్పుకు పారే డాన్యూబ్ వెంట దిగువకు వెళ్తే ఆ గాలి వీపు మీద ఉంటుంది. వాయవ్యానికి పారే ఎల్బే వెంట దిగువకు వెళ్తే అదే గాలి ముఖానికి కొడుతుంది. నేను ఈ పోలికలో డాన్యూబ్‌ని ముందు పెట్టడానికి పెద్ద కారణం ఇదే.

డాన్యూబ్: పాసౌ నుంచి వియన్నా

డాన్యూబ్ పక్కన సైకిల్ దారి అసలు జర్మనీలో డోనౌఎషింగెన్ దగ్గరే మొదలవుతుంది. అట్లాంటిక్ నుంచి నల్లసముద్రం దాకా వెళ్ళే యూరోవెలో 6 దారిలో ఇదొక భాగం. పై భాగం కూడా చాలా బాగుంటుంది. ఇమెండింగెన్ దగ్గర వేసవిలో డాన్యూబ్ నీళ్ళు సున్నపురాతి నేలలోకి ఇంకిపోయి, దూరంగా ఆహ్‌టాఫ్ అనే ఊటలో పైకి వచ్చి చివరికి రైన్‌లో కలుస్తాయి. కానీ మొదటిసారి వెళ్ళేవాళ్ళకి పాసౌ నుంచి కిందకి వెళ్ళే భాగమే సరైనది. వసతులు అక్కడ దండిగా ఉన్నాయి.

పాసౌలో డాన్యూబ్, ఇన్, ఇల్జ్ అనే మూడు నదులు కలుస్తాయి. బయలుదేరే ముందు టౌన్‌హాల్ గోడ మీద పాత వరదల గుర్తులు చూడండి. 2013 జూన్‌లో నీటిమట్టం 12.89 మీటర్లకు చేరింది, 1501 తర్వాత అంత వరద అదే. దారి నీటికి ఎంత దగ్గరగా ఉందో, వాతావరణ హెచ్చరికల్ని ఎందుకు లెక్కచేయాలో ఆ గోడ చెబుతుంది. 2024 సెప్టెంబరులో దిగువ ఆస్ట్రియాలో కూడా భారీ వరద వచ్చింది. రెండు మూడు రోజులు ఎడతెగని వాన అని ఫోన్‌లో కనబడితే ప్రయాణం వాయిదా వేయండి, సాహసం వద్దు.

పాసౌ దాటాక నలభై కిలోమీటర్లకు పైగా వెళ్తే ష్లోగెన్ వస్తుంది. గట్టి రాతిని చీల్చుకోలేక నది వచ్చిన దారికే తిరిగినంత పనిచేసే వంపు అది. ఎడమ ఒడ్డున వెళ్తే ఇక్కడ ఒకచోట సైకిల్ దారి ఆగిపోతుంది, సైకిళ్ళను ఎక్కించుకునే చిన్న పడవ మీద ఆ ముక్క దాటాలి. పడవలు వేసవి కాలానివి. ఏప్రిల్ మొదట్లోనో అక్టోబరు చివర్లోనో వెళ్తే ముందే వేళలు చూసుకోండి. ఇంకో సంగతి: పాసౌ నుంచి లింజ్‌కు వెళ్ళే రైలు మార్గం నదిని వదిలేసి వెల్స్ మీదుగా పోతుంది. అంటే మొదటి రోజున్నర మీకు రైలు ఆసరా ఉండదు. అందుకే పాసౌలో ఉదయాన్నే బయలుదేరి, ష్లోగెన్ దగ్గరే మొదటి రాత్రి ఉండమంటాను. కాళ్ళు తాజాగా ఉన్నప్పుడే ఆ భాగం అయిపోతుంది.

లింజ్ తర్వాత రైలు మళ్ళీ దగ్గరవుతుంది. గ్రైన్‌లో స్టేషన్ ఉంది, మెల్క్ అయితే వియన్నా పెద్ద లైను మీదే ఉంది, క్రెమ్స్ నుంచి వియన్నాకు రైళ్ళు తరచుగా ఉంటాయి. అంటే మూడో రోజు నుంచి ఏ సాయంత్రమైనా ఆపేయవచ్చు. ఆపేయవచ్చు అనే ధైర్యం ఉన్నవాళ్ళే చివరిదాకా వెళ్తారని నా నమ్మకం. టెన్షన్ లేకుండా తొక్కితే రోజు చిన్నదవుతుంది.

లింజ్ దాటాక వచ్చే మౌత్‌హౌజెన్ దగ్గర ఆగి తీరాలి. ఊరి పైన కొండ మీద నాజీల నిర్బంధ శిబిరం ఉండేది, 1938 నుంచి 1945 దాకా. దాని ఉపశిబిరాలతో కలిపి సుమారు 1,90,000 మందిని బంధించారు, కనీసం 90,000 మంది చనిపోయారు. ఎక్కుడు నిటారుగా ఉంటుంది, సైకిల్‌ని కింద తాళం వేసి నడిచి వెళ్ళినా సరే. ఆ రోజు మైలేజీ తగ్గించుకుని రెండు మూడు గంటలు దానికి ఇవ్వండి. అక్కడ రాతిగని మెట్లు చూశాక వెంటనే సైకిలెక్కి దూరాలు లెక్కపెట్టుకోవాలనిపించదు.

మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా ముప్పై అయిదు కిలోమీటర్ల పైచిలుకు లోయని వాహావ్ అంటారు. 2000లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. ఈ ముక్కని ఒక్క పూటలో దాటేసేవాళ్ళని చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఒక రోజంతా ఇవ్వండి. ఎడమ ఒడ్డున విల్లెన్‌డార్ఫ్ ఉంది. 1908లో రైలు మార్గం వేస్తుంటే పదకొండు సెంటీమీటర్ల స్త్రీ బొమ్మ, దాదాపు ముప్పై వేల ఏళ్ళ నాటిది, దొరికింది ఇక్కడే. అసలు బొమ్మ వియన్నా ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఉంది కాబట్టి ప్రయాణం చివర్లో దాన్నీ చూడొచ్చు. ఆ పైన డ్యూర్న్‌స్టైన్, ఇంగ్లండ్ రాజు రిచర్డ్‌ని 1192 చివర్లో తెచ్చి బంధించిన కోట శిథిలం. కుడి ఒడ్డు ఇంకా నిశ్శబ్దం, ఆప్రికాట్ తోటల మధ్య నుంచి దారి పోతుంది. జూలైలో కాయ కోతకు వస్తే రోడ్డు పక్కనే బుట్టల్లో అమ్ముతారు. స్పిట్జ్ దగ్గర, వైసెన్‌కిర్షెన్ దగ్గర పంటు మీద ఒడ్డు మారొచ్చు. నది మీద అడ్డంగా కట్టిన తాడుని పట్టుకుని, ఇంజను లేకుండా, ప్రవాహం తోపుతోనే ఆ పంటు అటూ ఇటూ తిరుగుతుంది. నా సలహా, మెల్క్ నుంచి స్పిట్జ్ దాకా ఎడమ ఒడ్డు, అక్కడి నుంచి కాసేపు కుడి ఒడ్డు, డ్యూర్న్‌స్టైన్ కోసం వైసెన్‌కిర్షెన్ దగ్గర మళ్ళీ ఎడమకి.

క్రెమ్స్ తర్వాత టుల్న్ దాకా గట్టు మీద తిన్నటి దారి. చెప్పుకోదగ్గవి పెద్దగా లేవు, గాలి వెనక ఉంటే గబగబా సాగిపోతుంది. వియన్నాలోకి కూడా సైకిల్ దారి నేరుగా తీసుకెళ్తుంది, హైవే తిప్పలు లేవు.

ఈ దారి లోపం ఒక్కటే, జనం. జూలై, ఆగస్టుల్లో సైకిళ్ళు వరసకట్టి ఉంటాయి. మే చివర, జూన్ మొదట్లో వచ్చే పొడుగు వారాంతాల్లో గదులు దొరకవు. ఏకాంతం కావాలనుకునేవాళ్ళకి ఇది సరిపడదు.

మోజెల్: తక్కువ రోజులు, ఎక్కువ మలుపులు

ట్రియర్ నుంచి కోబ్లెంజ్‌కు గీత గీస్తే వంద కిలోమీటర్లు కూడా ఉండదు. నది మాత్రం దాదాపు రెండొందల కిలోమీటర్లు తిరిగి వెళ్తుంది. ఇన్ని వంపులుండటం వల్ల గాలి ఏ దిక్కున ఉన్నా అరగంట ఎదురైతే అరగంట వెనకకి మారుతుంది. గాలి గురించి ఆలోచించనక్కరలేని దారి ఈ నాలుగింటిలో ఇదొక్కటే.

ఇంకో మేలు, ఊళ్ళు దగ్గర దగ్గరగా ఉండటం. నాలుగైదు కిలోమీటర్లకో ఊరు, ప్రతి ఊళ్ళో ద్రాక్షరైతుల ఇళ్ళలో గదులు. 1950ల చివర్లో మొదలుపెట్టి 1964కల్లా నది మీద ఆనకట్టలు, లాకులు కట్టి పడవల దారిగా మార్చారు. అందుకే నీళ్ళు చాలాచోట్ల చెరువులా నిలిచి కనిపిస్తాయి. ఉరకలెత్తే నది చూడాలనుకునేవాళ్ళకి అది కొంచెం నిరాశే. కానీ బ్రెమ్ దగ్గర నది చుట్టు తిరిగే చోట కాల్‌మాంట్ కొండ మీద నిటారు వాలులో పెంచిన ద్రాక్షతీగల్ని చూస్తే ఆ నిరాశ పోతుంది. యంత్రాలతో అన్ని పనులూ కుదరని వాలు అది, చాలా పని ఇప్పటికీ చేత్తోనే చేస్తారు.

ట్రియర్‌లో ఒక రోజు ముందే దిగి రోమన్ల కాలం నాటి పోర్టా నిగ్రా ద్వారం చూడండి. కార్ల్ మార్క్స్ 1818లో పుట్టిన ఇల్లు కూడా ఆ ఊళ్ళోనే మ్యూజియంగా ఉంది. తర్వాత బెర్న్‌కాస్టెల్‌లో ఒక రాత్రి, కోకెమ్‌లో ఇంకో రాత్రి, మూడో రోజు మధ్యాహ్నానికి కోబ్లెంజ్. రెండో రోజు కొంచెం పొడుగు, ఎనభై కిలోమీటర్లు దాటుతుంది. అది ఎక్కువనిపిస్తే త్సెల్‌లో మరో రాత్రి ఉండి నాలుగు రోజులు చేసుకోండి.

రైలు విషయంలో ఒక జాగ్రత్త. ట్రియర్ దాటిన కాసేపటికి రైలు మార్గం నదిని వదిలి కొండల్లోకి వెళ్ళి మళ్ళీ బుల్లై దగ్గరే నదిని కలుస్తుంది. మధ్యలో ట్రాబెన్-ట్రార్బాఖ్‌కి బుల్లై నుంచి చిన్న లైను ఉంది, అంతే. సీజన్‌లో సైకిళ్ళను మోసే బస్సులు నది వెంట తిరుగుతాయి కానీ వాటిలో చోటు ముందే బుక్ చేసుకోవడం మంచిది. రైన్‌లాండ్-ఫాల్జ్ రాష్ట్రంలో ప్రాంతీయ రైళ్ళలో పనిరోజుల్లో ఉదయం తొమ్మిది తర్వాత, వారాంతాల్లో రోజంతా సైకిల్‌కి టికెట్ అక్కర్లేదు. విద్యార్థులకి ఇది బాగా కలిసొస్తుంది.

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ద్రాక్ష కోతలు, ఊరూరా వైన్ పండగలు. చూడ్డానికి అదే మంచి కాలం, గది దొరకడానికి అదే చెడ్డ కాలం.

రైన్: ముక్కగా అయితే సరే

రైన్ పేరు పెద్దది. స్విట్జర్లాండ్ కొండల నుంచి నెదర్లాండ్స్ సముద్రం దాకా యూరోవెలో 15 దారి ఉంది. చాలామంది దీన్నే మొదటగా ఎంచుకుంటారు. మొత్తం దారిలో ఎక్కువ భాగం మొదటిసారి వెళ్ళేవాళ్ళకి విసుగు పుట్టిస్తుంది. 19వ శతాబ్దంలో టుల్లా అనే ఇంజనీరు పథకంతో పై రైన్ వంపుల్ని కోసి తిన్నగా చేశారు. ఆ కట్టల మీద గంటల తరబడి ఒకే దృశ్యం. మాన్‌హైమ్, లుడ్విగ్స్‌హాఫెన్ దగ్గర రసాయన కర్మాగారాల్ని చుట్టి రావాలి. కింద లెవర్‌కూజెన్, డ్యూస్‌బర్గ్ దగ్గరా అంతే.

తొక్కాల్సింది మధ్య భాగం. బింగెన్ నుంచి కోబ్లెంజ్ దాకా అరవై అయిదు కిలోమీటర్ల లోయ 2002లో యునెస్కో జాబితాలోకి వచ్చింది. కోట వెనక కోట. లోరెలై కొండ నీటి మీద 132 మీటర్ల ఎత్తున నిలబడి ఉంటుంది. మైంజ్ దాటాక కోబ్లెంజ్ దాకా నది మీద ఒక్క వంతెన కూడా లేదు, ఒడ్డు మారాలంటే పంటే గతి. ఎడమ ఒడ్డు సైకిల్ దారి మెరుగ్గా ఉంటుంది, ఆ వైపే ఉండండి.

రైలు ఆసరాలో రైన్‌ని మించినది లేదు. రెండు ఒడ్డుల మీదా పట్టాలున్నాయి, ప్రతి ఊళ్ళో స్టేషన్. అదే దాని చిక్కు కూడా. ఇరుకు లోయలో రెండు రైలు మార్గాలు, రెండు పెద్ద రోడ్లు, మధ్యలో ఓడలు. కుడి ఒడ్డున రాత్రంతా గూడ్సు బళ్ళు పోతూనే ఉంటాయి. నిద్ర తేలికైనవాళ్ళు చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు తీసుకెళ్ళండి, గది అడిగేటప్పుడు పట్టాలకు అవతలి వైపు ఇవ్వమనండి.

మోజెల్ పూర్తి చేసి కోబ్లెంజ్‌లో ఇంకా ఓపిక, సెలవు మిగిలితే అక్కడి నుంచి ఎగువకు బింగెన్ దాకా వెళ్ళిపోవడం చాలా మంచి ఆలోచన. రెండు నదులూ ఒకే ప్రయాణంలో కలిసొస్తాయి.

ఎల్బే: ఓపిక ఉన్నవాళ్ళ నది

ఈ నాలుగింటిలో నాకు వ్యక్తిగతంగా ఎక్కువ ఇష్టమైనది ఎల్బే. అయినా మొదటి ప్రయాణానికి దీన్ని చెప్పను. చెక్ దేశపు క్ర్‌కోనోషె కొండల నుంచి కుక్స్‌హాఫెన్ సముద్రతీరం దాకా దారి ఉంది. డ్రెస్డెన్ చుట్టుపక్కల భాగం ఏ కొత్తవాళ్ళకైనా సులువే. చెక్ సరిహద్దు దగ్గరి ష్యోనా నుంచి ఇసుకరాతి కొండల కింద, బాస్టై శిఖరాల పక్కనుంచి, డ్రెస్డెన్ మీదుగా, 1710 నుంచి పింగాణీ చేస్తున్న మైసెన్ దాకా లోకల్ రైలు నది వెంటే నడుస్తుంది. రెండు రోజులే ఉంటే ఈ ముక్క ఒక్కటే తొక్కినా సంతోషంగా తిరిగొస్తారు.

మైసెన్ తర్వాత లోయ విచ్చుకుపోయి మైదానం మొదలవుతుంది. కొండల అడ్డు పోయాక గాలికి పట్టపగ్గాలుండవు. టోర్గావ్‌లో 1945 ఏప్రిల్ 25న అమెరికా, సోవియట్ సైనికులు కలుసుకున్నారు. తర్వాత మత సంస్కర్త లూథర్ ఊరు విట్టెన్‌బర్గ్, బౌహౌస్ అనే డిజైన్ పాఠశాల కట్టడం ఉన్న డెస్సావ్, ఓడలు వెళ్ళే కాలువనే వంతెన మీదుగా నది దాటించిన మాగ్డెబర్గ్. చరిత్ర ఇష్టపడేవాళ్ళకి ఇంతకంటే నిండైన దారి లేదు. గది బుక్ చేసేటప్పుడు మాత్రం విట్టెన్‌బర్గ్‌కీ విట్టెన్‌బెర్గెకీ తేడా చూసుకోండి. రెండూ ఎల్బే మీదే ఉన్నాయి, మధ్య దూరం నది వెంట రెండొందల కిలోమీటర్లకు పైనే.

విట్టెన్‌బెర్గె నుంచి లౌవెన్‌బర్గ్ దాకా వచ్చే భాగమే అసలు పరీక్ష. ఇందులో చాలా మేర ఒకప్పుడు తూర్పు, పశ్చిమ జర్మనీల మధ్య సరిహద్దు ఈ నదే. నలభై ఏళ్ళపాటు మనుషులు రాని ఒడ్డు కాబట్టి పచ్చికబీళ్ళు, కొంగలు, వరదమైదానాలు చెక్కుచెదరకుండా మిగిలాయి. ఇప్పుడది రక్షిత జీవావరణం. అదే కారణంగా ఊళ్ళు దూరం, కొట్లు తక్కువ, రైళ్ళు మరీ తక్కువ. ఎండ మండే వేసవిలో నీళ్ళు తగ్గితే పంట్లు కూడా ఆగిపోతాయి. మంచినీళ్ళు, తిండి రెండు పూటలకు సరిపడా మోసుకుని, రాత్రి బస ముందే ఖాయం చేసుకున్నవాళ్ళే ఈ భాగంలోకి దిగాలి.

ఎల్బే మొత్తం వెళ్ళాలనుకుంటే హాంబర్గ్‌లో మొదలుపెట్టి డ్రెస్డెన్ వైపు ఎగువకు రండి. సముద్రం వైపు వెళ్ళాలనే కోరిక సహజమే, చాలామంది అలాగే వెళ్తారు. గాలి మాత్రం ఎగువకు వచ్చేవాళ్ళ పక్షాన ఉంటుంది. పైగా చివరి రోజుల్లో కొండలు, డ్రెస్డెన్ భవనాలు ఎదురొస్తాయి.

ఫ్రాన్స్‌లో ఉండేవాళ్ళు లోయిర్ సంగతి అడుగుతారు. నెవెర్ దగ్గరి కూఫీ నుంచి సముద్రం దాకా దాదాపు 900 కిలోమీటర్లు. షాంబోర్, విలాండ్రీ లాంటి కోటలు చూడాలనుకుంటే ఓర్లియాన్స్ నుంచి తూర్ దాటి విలాండ్రీ దాకా భాగం చాలు. అక్కడ గాలి అట్లాంటిక్ నుంచి వస్తుందన్నది గుర్తుపెట్టుకోండి.

మన గోదావరి పక్కన ఇలా ఎందుకు వెళ్ళలేం అన్న ప్రశ్న కూడా వస్తుంది. 1,465 కిలోమీటర్ల నది అది. పాపికొండల ఇరుకులో ఒడ్డు వెంట సాగే రోడ్డు లేదు, పడవే దారి. ధవళేశ్వరం దిగువన కాలువ గట్లు మాత్రం సైకిల్‌కి ఎంతో అనువైనవి, డిసెంబరు, జనవరిలో కోనసీమలో తొక్కి చూడండి. బోర్డులు, సైకిల్‌తో వచ్చేవాళ్ళకి వసతులు ఇంకా రావాల్సి ఉంది. వస్తే డాన్యూబ్‌కి ఏమీ తీసిపోదు.

ఎవరికి ఏది

ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు తీసుకెళ్ళాలంటే డాన్యూబే, అదీ మెల్క్ నుంచి వియన్నా దాకా చాలు. కుర్రతనంలో సైకిల్ తొక్కిన నాన్నలకి బ్యాటరీ సైకిల్ అద్దెకి తీసి ఇస్తే రోజుకు నలభై కిలోమీటర్లు హాయిగా వస్తారు. వాళ్ళు అలసిపోతే వాహావ్‌లో సైకిల్‌తో సహా ఓడ ఎక్కి క్రెమ్స్‌లో దిగొచ్చు. పాసౌలో సైకిల్ అద్దెకి తీసుకుని వియన్నాలో వదిలేసే ఏర్పాటు, సామాను బస నుంచి బసకి చేర్చే ఏర్పాటు రెండూ ఈ దారిలో దొరుకుతాయి.

చిన్నపిల్లలుంటే మోజెల్. రోజుకు పాతిక కిలోమీటర్లు పెట్టుకున్నా ప్రతి మలుపులో ఊరుంది, ఐస్‌క్రీం ఉంది, నీటి పక్కన గడ్డి ఉంది. డబ్బు చూసుకోవాల్సిన విద్యార్థులకి కూడా మోజెలే, టెంట్ ఉంటే ఇంకా చవక. సైకిల్ యాత్రికులకు ఇంట్లో చోటిచ్చే వార్మ్‌షవర్స్ అనే సభ్యుల సమూహం ఉంది, పెద్ద ఊళ్ళలో ప్రయత్నించండి. ఒంటరిగా, మాట్లాడే మనిషి లేకుండా కొన్ని రోజులు గడపాలని ఉన్నవాళ్ళకి ఎల్బే.

గదుల విషయంలో ఒక మాట. ఒక్క రాత్రికి ఇవ్వం అనే హోటళ్ళు సెలవుల్లో చాలా ఉంటాయి. జర్మనీలో బెట్+బైక్ గుర్తు ఉన్నచోట ఒక్క రాత్రికైనా ఇస్తారు, సైకిల్‌కి తాళం వేసిన గది ఉంటుంది. ఆస్ట్రియా పల్లెల్లో ఇళ్ళ ముందు 'ట్సిమ్మర్ ఫ్రై' అని బోర్డుంటే గది ఖాళీ ఉందని అర్థం, తలుపు తట్టి అడగొచ్చు.

శాకాహారులు ఆదివారాన్ని గుర్తుపెట్టుకోవాలి. జర్మనీ, ఆస్ట్రియాల్లో ఆ రోజు సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, ఉదయం పూట బేకరీలు మాత్రం తీస్తారు. శనివారం సాయంత్రమే కొనుక్కోండి. మొదటి రోజుకి పులిహోర, దారి పొడుగునా పల్లీచిక్కీలు, చిన్న డబ్బాలో ఆవకాయ. ఆస్ట్రియాలో జున్ను కలిపిన స్పెట్స్‌లే అనే నూడుల్స్, వాహావ్‌లో ఆప్రికాట్ ఉడకబెట్టిన ఉండలు దాదాపు ప్రతి హోటల్లో దొరుకుతాయి, పులుసులో మాంసం వాడారేమో ఒకసారి అడగండి. కుళాయి నీళ్ళు నిశ్చింతగా తాగొచ్చు.

జర్మన్ రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్ళు ఆస్ట్రియా, చెక్, ఫ్రాన్స్‌లకు 180 రోజుల్లో 90 రోజులదాకా వీసా లేకుండా వెళ్ళొచ్చు. కార్డుతో పాటు పాస్‌పోర్ట్ కూడా దగ్గర ఉండాలి, సరిహద్దు రైళ్ళలో తనిఖీలు జరుగుతుంటాయి.

సిద్ధపడటానికి నెలల సాధన అక్కర్లేదు. వెళ్ళే ముందు ఒక శని, ఆదివారాలు వరసగా రోజుకు యాభై కిలోమీటర్లు, బ్యాగులు తగిలించుకుని తొక్కండి. రెండో రోజు ఉదయం సీటు మీద కూర్చోగలిగితే ఈ నాలుగింటిలో మొదటి మూడూ మీరు చేయగలరు. సామాను వీపుకి తగిలించుకోకండి, వెనక చక్రం పక్కన బ్యాగుల్లో వేయండి. ఒక ట్యూబు, పంపు, టైరు విప్పే ప్లాస్టిక్ పుల్లలు ఉండాలి, పంక్చర్ వేయడం ఇంట్లోనే ఒకసారి నేర్చుకోండి.

అన్నిటికంటే ముందు బుక్ చేయాల్సింది తిరుగు రైల్లో సైకిల్ చోటు. దూరప్రయాణపు రైళ్ళలో సైకిళ్ళకి చోటు కొన్నే, రిజర్వేషన్ తప్పనిసరి, వేసవి వారాంతాలకి త్వరగా అయిపోతాయి. డాయిచ్‌లాండ్ టికెట్ (ప్రాంతీయ రైళ్ళు, బస్సుల నెలవారీ పాసు) ఉన్నా సైకిల్ దాంట్లో రాదు, ప్రాంతీయ రైళ్ళలో చాలాచోట్ల దానికి వేరే టికెట్ కొనాలి. వీలుంటే మంగళవారం మొదలుపెట్టి పనిరోజున తిరిగి రండి. ఆదివారం సాయంత్రం పాసౌ, కోబ్లెంజ్, డ్రెస్డెన్ స్టేషన్లలో సైకిల్ పెట్టె దగ్గర ఎంత తోపులాట ఉంటుందో, మంగళవారం ఉదయం అంత ఖాళీగా ఉంటుంది.